అభ్యంతరాల బాబాయి

"కూర్చుని మాట్లాడతానని అధ్యక్షులవారిని అడిగితే కాదంటారా?" అన్నాను, కారు పార్లమెంటు మెట్ల ముందు ఆపుతూ.

"కాదనరు. అందుకే అడగను" అంది మా మరదలు.

నా భార్యకు చెల్లెలు. ప్రతిపక్ష సభ్యురాలు. అక్క పోయాక నా మీద పెత్తనమంతా తనే తీసుకుంది. గుండెజబ్బు బయటపడ్డాక తన మీద కొంచెం పెత్తనం నాకిచ్చింది. కొంచెమే. మందులు వేసుకుంటుంది గానీ డాక్టరు మాట వినదు. నిలబడి ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది. ఆ సంగతి సభలో ఎవరికీ తెలియదు.

"నేను కూర్చున్నాననుకో బావా, అందరూ నా గుండె గురించే మాట్లాడతారు, సవరణ గురించి కాదు. జాలిపడి ఓటేస్తారు, లేదా జాలిపడి ఇంటికి పంపిస్తారు. రెండూ నాకొద్దు."

ఆ సవరణ కోసం ఏడాదిగా కాళ్ళరిగేలా తిరుగుతోంది. కొత్తగా వస్తున్న అవినీతి నిరోధక బిల్లులో లంచం తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ నేరస్తుడే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆమె నియోజకవర్గంలో బట్టలు కుట్టుకునే ఒకావిడ, లంచమివ్వందే భర్త శవాన్ని అప్పగించనని ఆస్పత్రి గుమాస్తా అంటే చెవి కమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. ఈ చట్టం వచ్చాక అలాంటి మనిషి ఫిర్యాదు చేస్తే తన నేరం తానే ఒప్పుకున్నట్టవుతుంది. బలవంతం మీద ఇచ్చి, వెంటనే వచ్చి చెప్పినవాళ్ళను శిక్షించకూడదన్నది మా మరదలి సవరణ.

నేను సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన ఎవరి మామగారో, అప్పటికే కునుకు తీస్తున్నాడు.

ఆమె బాగానే మొదలుపెట్టింది. గొంతు ఖంగుమంది. అంతలో అధికారపక్షం ముందు బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

"అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్!"

ఆయన్ను సభంతా అభ్యంతరాల బాబాయి అంటుంది. చంకలో రూల్సు పుస్తకం లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. మా ఇంట్లో మాత్రం ఆయన పేరు 'ఆ పీడ'.

"గౌరవ సభ్యురాలు చెప్పిన పేజీ నా ప్రతిలో లేదు."

సభలో మాట్లాడే మనిషి తనంతట తాను కూర్చుంటే ప్రసంగం ముగిసినట్టే. ఎదుటివాళ్ళు రూలు ఎత్తితే మాత్రం అది తేలేదాకా కూర్చునే తీరాలి, తేలాక మళ్ళీ లేవచ్చు. మా మరదలు పళ్ళు కొరుకుతూ కూర్చుంది. వెతగ్గా వెతగ్గా ఆ పేజీ ఆయన మోచేతి కిందే దొరికింది.

కాసేపటికి మళ్ళీ లేచాడు. "ఆ కుట్టుపనావిడ ఈ సభలో లేదు. సభలో లేని మనిషి గురించి మాట్లాడొచ్చా?"

"తిట్టకూడదు గానీ పొగడొచ్చు బాబాయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఏ రూలు? నువ్వు చూపిస్తావా, నన్ను చదవమంటావా?" అంటూ వేలు తడిచేసుకుని పుస్తకం తిప్పాడు. పేజీలు అతుక్కుపోయాయన్నాడు. చివరికి ఒక రూలు తాపీగా, కామాలతో సహా చదివాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వయసొస్తే సరా, ఆ పాటి ఇంగితం ఉండొద్దూ అనుకున్నాను.

మూడోసారి ఫ్యాను మీద అభ్యంతరం చెప్పాడు. దాని చప్పుడుతో సభా మర్యాదకు భంగం కలుగుతోందట.

"ఆడమనిషిని నోరెత్తనివ్వరా? కూర్చోవయ్యా ముసలాయనా!" అని మావైపు బెంచీలన్నీ లేచాయి.

"ఇంకొక్కసారి లేస్తే మిమ్మల్ని బయటికి పంపాల్సి వస్తుంది" అన్నారు అధ్యక్షులు.

అప్పుడు గమనించాను. బాబాయి ఆమె చేతిలోని కాగితాలను చూడడం లేదు, బల్ల అంచును పట్టుకున్న ఆమె ఎడమచేతిని చూస్తున్నాడు. ఆ పట్టు బిగిసినప్పుడల్లా లేస్తున్నాడు. ఆమె కూర్చుని, నీళ్ళు తాగి, ఊపిరి తీసుకునేదాకా పుస్తకం తిప్పుతున్నాడు.

ఆమె అసలు విషయానికి వచ్చింది. "తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఏ మనిషినీ బలవంతపెట్టకూడదని మన రాజ్యాంగంలో ఉంది. మనం రాస్తున్న ఈ చట్టం..." గొంతు ఆగింది. వేళ్ళు తెల్లబడ్డాయి.

బాబాయి అధ్యక్షులవైపు చూశాడు, తలుపువైపు చూశాడు, లేచాడు.

అధ్యక్షులు కోపంగా తలెత్తి ఏదో అనబోయి, కళ్ళు మూసుకుని నిలబడ్డ మా మరదల్ని చూశారు.

"గౌరవ సభ్యుడు చాలా ముఖ్యమైన విషయం లేవనెత్తారు" అన్నారు.

ఆయన ఇంకా ఏమీ లేవనెత్తలేదు. నోరు తెరిచి అలాగే కూర్చున్నాడు. అధ్యక్షులు మాత్రం పాత సభల తీర్పులు ఒక్కొక్కటే తీసి నింపాదిగా చదివారు. నా పక్కన పెద్దాయన గురక పెట్టాడు. అధ్యక్షుల చదువు ముగిసేసరికి మా మరదలి ముఖంలోకి రంగొచ్చింది. లేచి, ప్రసంగం ముగించేదాకా మళ్ళీ ఆగలేదు.

వారంలోగా ఫిర్యాదు చేయాలని గడువు పెడితే తనకు సమ్మతమేనన్నారు మంత్రి. దానికి ఆమె ఒప్పుకుంది. మూజువాణి ఓటు పెట్టారు. అవునన్న గొంతులే ఎక్కువ. కాదన్నవాటిలో అన్నిటికంటే గట్టిగా వినపడింది బాబాయి గొంతు.

బయట వరండాలో ఆయన్ను పట్టుకుని థాంక్సండీ అన్నాను.

"దేనికి? అడ్డుపడ్డాను. రికార్డులో ఉంటుంది, చూసుకోండి."

"మరి ఓటు..."

"నేనెందుకేస్తాను? రేపట్నుంచి లంచమిచ్చిన ప్రతివాడూ బలవంతం మీద ఇచ్చాననే అంటాడు. మీ మరదలిది మంచి మనసండీ. చట్టం మంచిది కాదు." తర్వాత గొంతు తగ్గించాడు. "రోజూ మెట్ల మధ్యలో ఆగి ఫోను చూసుకుంటోంది. మా ఆవిడా ఆయాసమొస్తే చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగేది. మీ మరదలితో అనకండి. రేపు మళ్ళీ తిట్టుకోవాలి మేము."

కారెక్కగానే మా మరదలు అడిగింది.

"ఏమన్నాడు ఆ పీడ?"

"నీ సవరణ తప్పన్నాడు."

ఆమె నవ్వింది. "అంత పెద్ద రూలు చదివాడు చూడు, అప్పుడు కళ్ళజోడు జేబులోనే ఉంది బావా. నాకు కళ్ళు లేవనుకున్నాడు." సీటు కొంచెం వెనక్కి వాల్చుకుంది. "రేపు ఇంకో చర్చ ఉంది, రాజ్యాంగ సవరణ మీద. కూర్చునే మాట్లాడతాను."

"జాలిపడతారేమో."

"పడనీ. ఆయన పడలేదూ? పడి కూడా ఎంత గట్టిగా కాదన్నాడో విన్నావుగా!" ఆ కేక తలుచుకుని మళ్ళీ నవ్వింది. "అధ్యక్షులవారికి రాసివ్వాలి. కాగితముంటే ఇలా ఇవ్వు."

నా జేబులో మందుల చీటీ తప్ప ఏమీ లేదు. వెనకవైపు తెల్లగానే ఉంది. కారు పక్కకు ఆపి, చీటీ, పెన్నూ ఇచ్చాను.