తడిగుడ్డ అదే

కాలేజీకి బయలుదేరే ముందు అత్తగారికి ఒళ్ళు తుడవడం ఆమె పని. ఇంకెవరి పనీ కాదు. బకెట్లో వేణ్ణీళ్ళు పోసి, పాత మెత్తటి గుడ్డ ముంచి పిండి, మెడ దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా రావాలి. వీపు తుడవడానికి పక్కకి తిప్పినప్పుడు ఆ మనిషి బరువంతా వచ్చి ఆమె నడుం మీద కూర్చుంటుంది. ముందుగదిలో టీవీ చూస్తున్న కొడుక్కి తల్లి బరువెంతో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

"నీళ్ళు చల్లారిపోయాయే అమ్మాయ్," అంటుంది అత్తగారు, అవి పొగలు కక్కుతున్నా సరే.

చెప్పులు వేసుకుంటుంటే అతను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు. "వంట చేసే వెళ్తున్నావుగా? నేను తినే వేళకి వచ్చి వేడిచేసి పెట్టు. నిన్నటిలాగా ఆలస్యం చెయ్యకు. అర్థమైందా?"

"ఊఁ."

ఆ 'అర్థమైందా' వాళ్ళ కాపురమంత పాతది. కొత్తలో ఆమె అది ప్రశ్నే అనుకుని రెండు మూడుసార్లు జవాబు చెప్పబోయింది. అది ప్రశ్న కాదు. మాట అయిపోయాక వేసే గడియ. అవతల నిలబడ్డవాళ్ళు 'ఊఁ' అంటే గడియ సరిగ్గా పడిందని లెక్క.

ఆమె చెప్పేది అర్థశాస్త్రం, సాయంత్రపు డిగ్రీ తరగతికి. పగలంతా ఎక్కడో ఒళ్ళు వంచి పనిచేసి వచ్చే పెద్దవాళ్ళే విద్యార్థులు. టాక్సీ డ్రైవరు, బట్టలు కుట్టే ఆవిడ, వాచ్‌మన్ పెద్దాయన, ఆస్పత్రిలో రోగుల్ని చూసుకునే ఆయా. వరసగా వేసిన కుర్చీల్లో సర్దుకుని, నిద్ర ఆపుకుంటూ బోర్డుకేసి చూస్తారు. ఆమె గీతలు గీసి, వివరించి, చివర అడుగుతుంది. "అర్థమైందా?" అందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది మేడం" అంటారు. పరీక్షలో తెల్లకాగితాలు ఇచ్చిపోతారు.

ప్రిన్సిపాల్ పిలిచి చెప్పాడు. "ఈసారీ ఇలాగే తప్పితే సాయంత్రం సెక్షన్ ఎత్తేస్తారమ్మా. మీ ఉద్యోగమూ దాంతోపాటే. చిన్నపిల్లలు కారు వాళ్ళు, ఊరికే వింటూ కూర్చోడానికి. మాట్లాడించండి. మీరు పాఠం పోస్తూనే ఉన్నారు, అది కారిపోతూనే ఉంది."

ఎలా మాట్లాడించాలో ఆమెకి తోచలేదు. ఆ సాయంత్రం అలవాటుగా "అర్థమైందా?" అంటూనే తన గొంతు తనకి వినబడింది. అది తన గొంతు కాదు. మాటా అదే, చివర ఆ విరుపూ అదే. ఇంట్లో తాను పడేదాన్ని తెచ్చి ఇక్కడ నలభైమందికి పంచుతోంది. వెనక వరసలో ఆయా తల ఊపింది. ఆ ఊపులో ఆమెకి తన 'ఊఁ' కనిపించింది.

మర్నాడు కుర్చీలన్నీ గుండ్రంగా వేయించింది. తనూ అందులోనే ఒక కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ్టినుంచి అర్థమైందా అని అడగను. ఏది అర్థం కాలేదో మీరు చెప్పాలి. కాలేదన్నవాళ్ళే ముందు మాట్లాడాలి."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అలాగైతే తెల్లారేదాకా ఇక్కడే పడుకోవాలి మేడం. దుప్పట్లు తెచ్చుకోమంటారా?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మాటున ఆయా చెయ్యెత్తింది. పాతికేళ్ళుగా ఎవరో ఒకరు చెప్పింది చెయ్యడమే తప్ప, చెయ్యెత్తి అడగడం ఎరగని మనిషి. చెయ్యి భుజం దాటి లేవలేదు.

"నిన్న జాతీయాదాయం పాఠంలో చెప్పారు కదా మేడం, ఇంట్లో చేసుకునే పని లెక్కలోకి రాదని. ఆస్పత్రిలో ముసలావిడకి ఒళ్ళు తుడిస్తే వస్తుంది. ఇంటికెళ్ళి మా అత్తకి తుడిస్తే రాదు. తడిగుడ్డ అదే. ముసలి ఒళ్ళూ అదే. మధ్యలో ఏం మారిందో నాకు అర్థం కాలేదు."

"నీ అత్త జీతం ఇవ్వదు కాబట్టి," అన్నాడు డ్రైవరు.

"తిట్లయితే ఇస్తుంది," అంది బట్టలు కుట్టే ఆవిడ. ఈసారి ఆడవాళ్ళు నవ్వారు.

జవాబు పుస్తకంలో ఉంది. ఆమె ఏళ్ళ తరబడి అప్పజెప్పిన జవాబు. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నం పిండి ఆరేసి వచ్చిన గుడ్డ కళ్ళముందు ఆడింది. వేళ్ళకి ఆ తడి ఇంకా అంటుకునే ఉన్నట్టుంది. "నాకూ కాలేదు," అంది. తరగతిలో ఒక లెక్చరరు ఆ మాట అనడం వాళ్ళు విన్నది అదే మొదలు. ఆ తరవాత వాళ్ళని ఆపడం కష్టమైంది. వాచ్‌మన్ పెద్దాయనకి మొదటి పాఠం నుంచీ ఏమీ అర్థం కాలేదట. ఇన్నాళ్ళూ మర్యాదకి తల ఊపాడట. ఆ మాట ఆయన ఎంతో గర్వంగా చెప్పుకున్నాడు. నెల తిరిగేసరికి చిన్న పరీక్షలో తెల్లకాగితం ఒక్కటీ రాలేదు. ఆయా రెండు పేజీలు రాసింది. సగం తప్పులే. తప్పులైనా అవి ఆమె సొంత తప్పులు.

అయితే గుండ్రంగా వేసిన కుర్చీలు వాటంతట అవి వరసల్లోకి పోవు. పొద్దున పిల్లల తరగతికి వరసలు ఉండాలి.

"జరిపినవాళ్ళే సర్దాలి మేడం," అన్నాడు అటెండరు, తాళంచెవుల గుత్తి ఊపుతూ. "తాళం వెయ్యడం వరకే నా డ్యూటీ."

విద్యార్థులు బస్సు అందుకోవాలి. ఆడవాళ్ళిద్దరు ఆగబోతే తనే పంపేసింది. వాళ్ళ ఇళ్ళల్లోనూ 'అర్థమైందా'లు కాచుకుని ఉంటాయని తెలుసు. ఒక్కతే కుర్చీలు ఈడ్చి, సర్ది, ఇల్లు చేరేసరికి రోజూ ఆలస్యమే.

"పాఠం చెప్పడం అంటే చెప్పడం," అన్నాడు భర్త. "వాళ్ళచేత మాట్లాడించేట్టయితే ఆ జీతమేదో వాళ్ళకే ఇమ్మను. కుర్చీలు మొయ్యడానికా మీ నాన్న నిన్ను ఎమ్మే చదివించింది?"

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "ఒక్క ఆడదాని నోటికే ఇల్లు చాలదంటే, నలభై నోళ్ళు తెరిపిస్తోందా మీ ఆవిడ?"

ఒకరోజు అత్తగారిని పక్కకి తిప్పుతుంటే నడుం కలుక్కుమంది. గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. అతను తలెత్తి చూశాడు. "చూశావా? అంటే వినవు. కుర్చీల పుణ్యమేనా?" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది. కాదు, మీ అమ్మ బరువు అని చెప్పాలి. చెబితే, పిలిస్తే నేను మొయ్యనా ఏమిటి అంటాడు. ఆ తరవాత మొయ్యడు. లోపల ముసలావిడ వింటూ ఉంటుంది. ఇంత తిరగలి తిప్పే ఓపిక లేక "ఊఁ" అంది. ఆమె చేసిన పొరపాటు ఆ ఒక్క 'ఊఁ'.

మూడోనాడు ప్రిన్సిపాల్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "పొద్దున నడకలో మీవారు కలిశారమ్మా. పాపం, ఎంత బాధపడ్డారో. కుర్చీలు మోసి మోసి మీ నడుం పోయిందట కదా, ఒక్కమాటైనా చెప్పలేదే? అదృష్టవంతులు మీరు. నేను మా ఆవిడని అంత పట్టించుకోను. ఇక మీరు కుర్చీ ముట్టుకోనక్కర్లేదు. మనిషిని పిలిపించి పని అయిందనిపించాను."

గది తలుపు తీసింది. కుర్చీలన్నీ బోర్డుకేసి వరసగా ఉన్నాయి. ఒకదాన్ని పట్టి లాగింది. రాలేదు. కాళ్ళకి ఇనప పట్టీలు వేసి నేలకి బిగించేశారు.

ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి మీద చెయ్యాలి? అందరూ ఆమె నడుం కోసమే చేశారు. కోపం తెచ్చుకుందామన్నా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

తరగతి మొదలైంది. "ఏది అర్థం కాలేదు?" అని అడిగింది. ముందువాళ్ళు వెనకవాళ్ళకి వీపులయ్యారు. డ్రైవరు ఒకసారి వెనక్కి తిరిగి, మెడ పట్టేసి, మళ్ళీ ముందుకి తిరిగాడు. రెండు తలల మధ్య సందులోంచి ఆయా మొహం సగం కనిపించింది. మేడం అవస్థ ఆమెకి తెలిసినట్టుంది. బోర్డు దగ్గర ఒంటరిగా నిలబడ్డ మనిషి మీద జాలిపడి, మెల్లగా, సాయం చేస్తున్నట్టుగా అంది.

"అర్థమైంది మేడం."

ఆ రోజు వేళకే ఇల్లు చేరింది. అత్తగారి పక్క తడిసి ఉంది. బకెట్టూ గుడ్డా తెచ్చుకుని కూర్చుంది. అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, మంచిపని చేసిన మొహంతో.

"చూశావా, ఒక్కమాటతో తేలిపోయింది. నీ నడుం నీకుంటుంది, నా భోజనం నాకుంటుంది. ఇకనుంచి పాఠం చెప్పావా, ఇంటికొచ్చావా, అంతే. అర్థమైందా?"

ఆమె గుడ్డ పిండింది. నీళ్ళు బకెట్లో పడ్డ చప్పుడు ఆగేదాకా చూసింది.

"కాలేదు."

అతను వినలేదేమోననుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు ముక్క ముక్కగా మళ్ళీ చెప్పాడు. నీ మంచికే. నీ నడుం కోసమే. పాఠం, ఇల్లు. "ఇప్పుడైనా అర్థమైందా?"

"కాలేదండీ."

అతని మొహం మారింది. అత్తగారి చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి, ఆమె తడి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి తిట్టేటప్పుడు తప్ప లేవగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"అయిందనెయ్యవే అమ్మాయ్," అంది ముసలావిడ, కొడుక్కి వినబడకుండా. "మా ఆయనకి నేనూ అలాగే చెప్పాను. చచ్చేదాకా అదే చెప్పాను."

ఆమె ఆ చేతిని విడిపించుకోలేదు. రెండో చేత్తో గుడ్డ నీళ్ళల్లో ముంచింది. గుమ్మంకేసి తిరిగి, బోర్డు ముందు నిలబడ్డ గొంతుతో కాక, గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్న గొంతుతో అంది.

"కాలేదు. మళ్ళీ చెప్పండి."