కర్రకీ లోహానికీ చోటు లేదు

పొద్దున్నే రెండు పొయ్యిలు ముట్టిస్తాను. ఒకదాని మీద అన్నానికి ఎసరు, రెండోదాని మీద సూదులకి. అన్నం ఉడికేలోపు సూదులు ఉడకాలి. సూదులు గుడ్డ మీద ఆరేలోపు అత్తగారికి వేణ్ణీళ్ళు తోడాలి, మా ఆయనకి కాఫీ అందాలి. ఆయన కాఫీ తాగి తెల్లకోటు తొడుక్కుని వసారాలోకి వచ్చేసరికి బల్ల తుడిచి ఉండాలి, కుర్చీ వేసి ఉండాలి, తెర కట్టి ఉండాలి, తెర వెనక నేను ఉండాలి. వీటిలో ఏది ఆలస్యమైనా "పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావే?" అంటారు. అది ప్రశ్న కాదని నాకు తెలుసు కనక జవాబు చెప్పను.

గేటుకి బోర్డు ఉంది. "శ్రీ రామలింగం గారు, రంగూన్ రిటర్న్డ్, పంచభూత సూదివైద్య నిపుణులు" అని. పటమట మీదుగా బందరు వెళ్ళే బస్సుల్లోంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు. బెజవాడ నుంచి జట్కాల్లో వస్తారు, ఉయ్యూరు వైపు నుంచి బళ్ళు కట్టుకుని వస్తారు. వచ్చినవాళ్ళందరూ కుర్చీలో ఉన్న మనిషికి దణ్ణం పెట్టి, ఆయన చెప్పినట్టు తెర సందులోంచి చెయ్యి లోపలికి పెడతారు. ఆ చెయ్యి నేను పట్టుకుంటాను. ఆయనకి నాడి తెలియదు. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. నేర్పుదామని చూశాను. ఆయన వేళ్ళు నొక్కుతాయి గాని వినవు. నేను చూసి చెబితే, ఆ మాటనే ఆయన కాస్త గొంతు సవరించుకుని రోగికి చెబుతారు. మగవాళ్ళకి సూదులు ఆయన వేస్తారు, ఎక్కడ వెయ్యాలో నేను నేర్పినవే. ఆడవాళ్ళు తెర వెనక్కి వస్తారు, వాళ్ళకి నేను వేస్తాను. "లోపల మా కాంపౌండరు ఉంది లెండి. వంట కూడా చేసే కాంపౌండరు బెజవాడ మొత్తం మీద మాకొక్కళ్ళకే" అంటారు. వసారా అంతా నవ్వుతుంది. మొదటిసారి నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట వచ్చే ముందు ఆయన కుర్చీలో సర్దుకునే చప్పుడు వింటేనే నా దవడలు బిగుసుకుంటాయి.

దవడల సంగతి నాకు చెప్పింది చీనా మామ్మ. రంగూన్‌లో మేము మేడ మీద ఉండేవాళ్ళం, ఆవిడ కింద సూదివైద్యం చేసేది. ఈయన లుంగీల కొట్టుకి వెళ్ళాక ఇంట్లో పొద్దు గడిచేది కాదు. తలనొప్పితో గోడకి తల ఆనించుకుని కూచుంటే, పక్కింటి బర్మా ఆవిడ నన్ను కిందకి తీసుకెళ్ళింది. మామ్మ నా రెండు చేతులూ పట్టుకుని నాడి చూసింది. తర్వాత వచ్చీరాని హిందుస్తానీలో, "ఎవరి మీద కోపం నీకు?" అంది. నేను నివ్వెరపోయాను. తల ఎక్కడ నొప్పి అని అడగాలి గాని ఇదేం ప్రశ్న? "ఎవరి మీదా లేదు" అన్నాను. ఆవిడ నవ్వి నా దవడ మీద వేలు పెట్టి, "అబద్ధం ఇక్కడ దాచావు" అంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే. తలనొప్పి తగ్గాక కూడా నేను రోజూ కిందకి వెళ్ళాను. సూదులు కడిగాను, మాచిపత్రి ఎండబెట్టి నలిపి ఉండలు చుట్టాను. మనం వినాయకుడికి పూజచేసే ఆకే, అక్కడ దాన్ని అంటించి ఒంటికి సెగ చూపిస్తారు. అలా చేస్తూ చేస్తూ విద్య నేర్చుకున్నాను.

మన పంచభూతాల్లాగే చీనావాళ్ళకీ ఐదే. కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీళ్ళు. కర్ర నిప్పుని పెంచుతుంది, నిప్పు బూడిదై మట్టవుతుంది, మట్టిలో లోహం పుడుతుంది, లోహంలోంచి నీరు ఊరుతుంది, నీళ్ళతో మళ్ళీ కర్ర పెరుగుతుంది. ఒకటి తల్లి, తర్వాతది బిడ్డ. మనిషి ఒంట్లో ఈ ఐదూ తిరుగుతూ ఉండాలి, ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. అందుకు మామ్మ నాడీ నాలుకా చూసి ఊరుకునేది కాదు. మొహం రంగు చూసేది, గొంతు వినేది, ఒంటి వాసన పట్టేది. కర్రది కోపం. నిప్పుది సంతోషం. మట్టిది దిగులు. నీళ్ళది భయం. లోహానిది దుఃఖం, ఊపిరితిత్తులు దాని ఇల్లు. ఏడవాల్సింది ఏడవకపోతే ఊపిరి పట్టేస్తుందని చెప్పేది. రోగం అడగకు, మనిషిని అడుగు అనేది.

నలభై రెండులో జపానువాళ్ళ బాంబులకి రంగూన్ విడిచి, అందరితో పాటు మేమూ ఇండియాకి నడిచాం. మామ్మ తన సూదుల పొట్లం నా చేతిలో పెట్టింది. "ఆ ఇనప ముక్కలెందుకే, పారెయ్" అన్నారు ఈయన. నేను బొడ్లో దోపుకున్నాను. చంకన మా అమ్మాయి. దానికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. అరకాన్ కొండల్లో నీళ్ళు చెడి జనానికి కలరా తగిలింది. మా అమ్మాయికి పొద్దున తగిలింది, పొద్దువాలేసరికి లేదు. నా దగ్గరున్న సూదులన్నీ వేశాను. ఈయన ఆకులు కప్పి, రెండు రాళ్ళు పెట్టి, "ఏడవకు, గుంపు వెళ్ళిపోతోంది, నడు" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఆగితే మేమూ అక్కడే ఉండేవాళ్ళం. నడిచాను. కానీ చిట్టగాంగు చేరాక కూడా, రైలెక్కాక కూడా, బెజవాడ స్టేషన్లో దిగి మన మాటలు చెవినపడ్డాక కూడా ఆయన ఆ "ఏడవకు"ని వెనక్కి తీసుకోలేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు వెంకటరావమ్మ, "పోయినదాని పేరు ఇంట్లో ఎత్తకు. కడుపు నిలవదు" అన్నారు. కడుపు ఎలాగూ నిలవలేదు. పేరు మాత్రం ఎత్తనివ్వలేదు. ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే ఆయనే ముందు "లేరండీ" అంటారు. ఉండి పోయిందని చెబితే, సొంత బిడ్డని బతికించుకోలేనివాడు వైద్యుడేమిటంటారట.

వైద్యం మొదలైంది అత్తగారి మోకాలితో. యుద్ధంలో నూలుకి కంట్రోలు వచ్చి, ఇక్కడ పెట్టిన బట్టల వ్యాపారం చతికిలపడింది, ఈయన ఇంట్లో కూచున్నారు. అత్తగారు కాలు కిందపెట్టలేకపోతుంటే నేను సూదులు వేశాను. ఆవిడ నడిచి కాలవ దాకా వెళ్ళొచ్చి నలుగురికీ చెప్పారు. నలుగురూ వచ్చారు. వారం తిరక్కుండా ఈయన కోటు కుట్టించుకున్నారు. "ఆడది సూదులు పట్టుకు కూచుంటే మంత్రసాని అంటారే. నేను పట్టుకుంటే డాక్టరంటారు" అన్నారు. అదీ నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే, అందుకే వాటితో దెబ్బలాడటం కష్టం.

తర్వాత ఐదింటినీ సరిచేశారు. "కర్రేమిటే, లోహమేమిటే? మనవాళ్ళు నవ్వుతారు. పృథివి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం అంటే పండితుడైనా తలూపుతాడు. నువ్వు కర్ర అనేచోట వాయువు అను, లోహం అనేచోట ఆకాశం అను. సూది పడేది ఆ చోటేగా" అన్నారు. "మరి అడగాల్సినవి?" అన్నాను. "వాయువంటే కడుపుబ్బరం అడుగు. ఆకాశమంటే ఖాళీయేగా, దానికి అడగడానికేముంది?" అన్నారు. రెండు మాటలు మారితే ఏమవుతుందిలే అనుకున్నాను. చాన్నాళ్ళకి గాని నాకు తట్టలేదు. ఐదింట్లో ఆయన తీసేసినవి కర్రా లోహమూ. నా కోపమూ, నా ఏడుపూ. మిగిలినవాటితో ఆయనకి పేచీ లేదు. నా భయం ఉండొచ్చు, ఇంటి దిగులు ఉండొచ్చు, ఆయన చమత్కారానికి నా నవ్వు ఉండొచ్చు.

నాకు దగ్గు పట్టుకుంది. కఫం లేని ఉత్త పొడిదగ్గు. పడుకుంటే రొమ్ము మీద ఎవరో కూచున్నట్టే. "పేషెంట్ల ముందు దగ్గకే. డాక్టరింట్లోనే దగ్గు వినిపిస్తే ఏం మర్యాద?" అన్నారు. కనక తెర వెనక కూచునేటప్పుడు ఒళ్ళో గుడ్డ పెట్టుకుంటాను. దగ్గు వస్తే నోట్లో కుక్కుకుంటాను. నా కుడిచెయ్యి నేనే పట్టుకుని చూసుకున్నాను. బొటనవేలి కింద మొదటి చోట, ఊపిరితిత్తుల నాడి, ఉందా అంటే ఉంది. ఏ రోగికైనా అలా ఉంటే, ఈ మనిషి ఇలా ఎన్నాళ్ళో ఉండదని చెప్పేదాన్ని. ఎవరికి చెప్పను? నా చెయ్యి పట్టుకుని చూసేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

మొన్న కూచిపూడి వైపు నుంచి ఒకావిడ కోడల్ని తీసుకొచ్చింది. నేతవాళ్ళు. కోడలి పేరు శివపార్వతి, చిన్నపిల్ల. ఆ పిల్ల అత్తగారు కూచోకముందే మొదలెట్టింది.

"డాక్టరు గారండీ, తిండి తినదండీ. మాటా పలుకూ లేదండీ. కండెలు చుట్టమంటే చుట్టదు. నూలందక మగ్గం ఆగిపోయిందండీ. మావాడొక్కడే ఏం నేస్తాడు చెప్పండి? పురుట్లో పిల్లాడు పోయాడండీ. పోతే? నాకు మాత్రం పోలేదా? నేను మర్నాటికి లేచి పడుగు పట్టలేదా?"

"వాయువు ప్రకోపించిందమ్మా. చిన్న సూదితో పోయేదే" అన్నారు ఈయన. "ఏమే, లోపలికి పంపిస్తున్నాను. నాడి చూసి, మనసు నెమ్మదించే చోట వేసెయ్."

ఆ పిల్ల తెర వెనక్కి వచ్చి నా ఎదుట కూచుంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పైటకొంగు మడతలు మడతలుగా రొమ్ము మీద నొక్కి పట్టుకుంది, అయినా రవిక తడిసింది. పాలు ఇంకా పడుతున్నాయి. పులిసిన పాలవాసన. నేను కుడిచెయ్యి అందుకున్నాను. బొటనవేలి కింద మొదటి చోట నా వేలి కింద ఏమీ లేదు. ఇంకొంచెం ఆగితే ఏదో కదిలింది. నా చేతిలో నేను చూసుకున్నదే ఆ పిల్ల చేతిలోనూ ఉంది.

"ఏమిటే?" అన్నారు ఆయన బయట్నుంచి.

ఆకాశం అనాలి. అంటే ఆయన ఆకాశం గురించి నాలుగు ముక్కలు చెబుతారు, నేను మణికట్టులో సూది వేస్తాను, పిల్ల నెమ్మదిస్తుంది, సాయంత్రానికి కండెలు చుడుతుంది. ఆ సూది పనిచేస్తుంది కూడా. మనిషిని అడక్కుండా వేసినా పనిచేస్తుంది. అందుకే నాకు అసహ్యం వేసింది.

"బాబు పేరేంటమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నా వంక చూసింది. "పేరు పెట్టలేదండీ. బారసాల కాలేదు."

"నువ్వేమని పిలిచావు?"

కొంగు ఇంకా గట్టిగా నొక్కుకుంది. "బంగారయ్య అని. లోపల్లోపలే, ఎవరికీ వినపడకుండా" అంది. ఆ మాట పూర్తవుతూనే గొంతు తెగినట్టు ఒక అరుపు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. నా మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను సూది గుడ్డలో గుచ్చేశాను.

"అయ్యో అయ్యో, నయం చెయ్యమని తెస్తే ఏడిపిస్తారేంటండీ?" అని పిల్ల అత్తగారు లేచింది.

"ఏం చేస్తున్నావే లోపల? సూది వేశావా?"

"వెయ్యలేదండీ. ఏడవనివ్వండి. ఏడ్చాక వేస్తాను."

ఆయన కుర్చీలో సర్దుకున్న చప్పుడు వినిపించింది. "ఏమనుకోకండి. మా కాంపౌండరుకి కొంచెం చాదస్తం" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. శివపార్వతి తల ఎత్తి కళ్ళు తుడుచుకుంటూ నన్నడిగింది, "మీకు పిల్లల్లేరా అక్కా?"

నేను నోరు తెరిచేలోపు తెర అవతల్నుంచి జవాబు వచ్చేసింది. "లేరమ్మా."

దగ్గు వచ్చింది. అలవాటుగా గుడ్డ తీశాను. మళ్ళీ ఒళ్ళో పెట్టేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, పొట్ట పట్టుకుపోయేదాకా గట్టిగా దగ్గాను. ఇంత దగ్గు నా లోపలుందని నాకే తెలియదు. అప్పుడు లేచి తెర తాడు ముడి విప్పాను. రోజూ నేనే వేసే ముడి కనక తేలిగ్గానే వచ్చింది. తెర కిందపడింది. ఇన్నాళ్ళూ నేను చేతులు మాత్రమే ఎరిగిన మనుషులందరూ మొహాలతో నన్ను చూస్తున్నారు. రోగులు కూచునే ముక్కాలిపీట ఆయన బల్ల ముందుకి లాక్కుని కూచున్నాను. నా కుడిచెయ్యి ఆయన ముందు పెట్టాను.

"నా నాడి చూడండి" అన్నాను.

"లోపలికి పో" అన్నారు పళ్ళ మధ్య నుంచి.

"నాకొక కూతురు ఉండేది. చూసి చెప్పండి, ఎక్కడుందో."

ఆయన చూపు ఒకసారి నా మణికట్టు మీద, ఒకసారి జనం మీద, మళ్ళీ నా మణికట్టు మీద పడింది. చెయ్యి మాత్రం లేవలేదు. నేను నా చెయ్యి తియ్యలేదు. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. శివపార్వతి తడి రవికతో, ఉబ్బిన మొహంతో వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడింది.

"పాప పేరేంటక్కా?" అంది.

"వరాలు" అన్నాను.