బక్కచిక్కిన గుర్రాలు

1993లో బాగ్దాద్ ప్రభుత్వం గుర్రాల బొమ్మున్న పాత ఇరవై ఐదు దీనార్ల నోటు చెల్లదని చాటింది. ఉత్తరాన మా కుర్దుల ఊరు సులైమానీలో ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. బాగ్దాద్ కొత్త నోట్లు కట్టలు కట్టలుగా అచ్చేసి వాటి పరువు తనే తీసుకుంది. అచ్చు ఆగిపోయిన మా గుర్రాల నోటు, కన్నవాళ్లు వదిలేసిన బిడ్డలా, మొండిగా పదేళ్లు బతికింది. కాకపోతే చిరిగిపోయింది.

అందుకే మా మేనమామ తోఫీక్ నోట్లు అతికించే దుకాణం పెట్టాడు. ఆయన చేతిలో పడి వచ్చిన నోటు మీద గుర్రానికి పొట్టో మెడో కాస్త సన్నబడేది.

"ఆంక్షల కాలం కదమ్మా, గుర్రాలకు మాత్రం గడ్డి ఎక్కడిది?" అనేవాడు. జనం నవ్వి పోయేవారు. హజ్‌కు కూడబెడుతున్నాడని తెలిసి, వెళ్లకముందే "హాజీ" అని పిలిచేవారు. నా చదువుకు గది అద్దె, పుస్తకాల ఖర్చు ఆయనదే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను.

బాగ్దాద్‌లో ప్రభుత్వం కూలాక, 2003 చివర, దేశమంతటికీ కొత్త నోట్లు తెచ్చి పాత దీనారుకు నూట యాభై కొత్తవి ఇస్తామన్నారు. మార్పిడి బల్ల దగ్గర నేను గుమస్తాను. మా నియమం ఒక్కటే: నోటులో సగానికి పైగా ఒకే నోటు కాగితం ఉండాలి. బక్క గుర్రాలన్నీ గట్టెక్కాయి.

మామయ్య వరస తోసుకుని వచ్చి సంచీ కుమ్మరించాడు.

"కానీయ్ అల్లుడూ, హజ్‌కు పేరివ్వడానికి రేపే ఆఖరు."

పై నోటు వెలుతురుకు పట్టాను. తొమ్మిది నోట్ల నుంచి కోసిన తొమ్మిది పీలికలు అతికించి చేసిన నోటు. రెండోదీ అంతే. సంచీ అంతా అంతే.

"మామయ్యా, ఇవి చెల్లవు."

"మెల్లగా అనరా! నీ పుస్తకాలు వేటితో కొన్నాననుకున్నావు? వీటి అన్నదమ్ములతోనే. పుస్తకాలవాడు అతుకులు లెక్కపెట్టాడా?"

రొట్టెలమ్మే ఖున్చా అత్త వెనక నుంచి తల దూర్చింది.

"ఆ నోటు మీది గోరింట మరక నాదే! హాజీ, నా గుర్రం పొట్ట నీ సంచీలో ఏం చేస్తోంది?"

"ఆంక్షల కాలం..." అని మొదలుపెట్టాడు మామయ్య.

"గుర్రానికి గడ్డి లేదన్నావు, గుర్రాన్నే మేశావు కదయ్యా!"

అన్నిటి మీదా 'చెల్లదు' ముద్ర కొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయనకు హజ్ దక్కలేదు, హాజీ పేరు మాత్రం పోలేదు. బజారంతా కాస్త సాగదీసి మరీ పిలుస్తుంది.

నా డిగ్రీ పట్టాను అమ్మ ముందుగదిలో తగిలించింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసే ధైర్యం నాకింకా రాలేదు.