రెండు పొట్లాలు

మూడు రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్లు ఆ పొద్దున ఏడో బిందె నిండగానే ఆగిపోయాయి. హేమలతకు అది కొత్త కాదు. వంటకు, తాగడానికి, అత్త ఓబమ్మ స్నానానికి, మొగుడు తిప్పేష్ స్నానానికి, గేదెకు, గిన్నెలకు పోగా అడుగున మిగిలిందే తనకు. స్నానానికని వేరే గది లేదు. ఇంటి వెనక మూడు వైపులా బండలు నిలబెట్టి, నాలుగో వైపు ప్లాస్టిక్ పట్ట కట్టుకున్నారు. గాలి లేచినప్పుడల్లా పట్ట ఎగిరేది. అందుకని పదకొండేళ్లుగా లంగా కట్టుకునే నాలుగు చెంబులు పోసుకునేది. బయటనుంచి తిప్పేష్ అరుపు. "ఇంగా ఎంతసేపు? నా ఆటోకు టైమైతాండాది." తడి సరిగా తుడుచుకోకుండానే చీర చుట్టుకుని రాయదుర్గం జీన్స్ యూనిట్‌కు పరిగెత్తేది.

అక్కడ నలభై మంది ఆడవాళ్లకు ఒకటే మరుగుదొడ్డి. గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట కాపలా నిలబడాలి. ఒకరోజు రెండోసారి లేచినందుకు సూపర్‌వైజర్ సోమప్ప అందరి ముందూ అడిగాడు. "ఏమ్మా, మాటిమాటికీ ఆడికే పోతాంటే జిప్పులెవరు కుడతారు?" ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజునుంచి హేమలత నీళ్లు తాగడం మానేసింది. ఎండ నిప్పులు చెరుగుతున్నా గొంతు తడుపుకోవడమే, అంతే.

మూడు నెలలుగా దురద, మంట, ఏదో వాసన. తనలోనే మురికి ఉందనుకుంది. వాసన సబ్బుతో లోపలంతా రుద్దింది, ఘాటైన మందునీళ్లు పోసుకుంది. మంట ఇంకా పెరిగింది. ఒకసారి తిప్పేష్‌తో చెప్పబోతే "ఛీ, ఆ ఆడోళ్ల సంగతులు నాకెందుకు" అని ముఖం తిప్పుకున్నాడు. మంచం దగ్గర మాత్రం తిప్పుకోలేదు. నొప్పిగా ఉందంటే, "నీకెప్పుడూ ఏదో ఒకటి ఉంటాది" అన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి పైకప్పు రేకులు లెక్కబెట్టుకునేది.

ఇక ఓర్చుకోలేక, ఒక పూట సెలవు పెట్టి ఆరోగ్య కేంద్రానికి పోయింది. నర్సు సునంద లోపలికి పిలిచి, తలుపేసి, కర్టెన్ లాగి, "చూడొచ్చునా అమ్మా?" అని అడిగింది. తన ఒంటిని ముట్టుకునే ముందు ఎవరైనా అడగడం హేమలత ఎరగదు. ఆ ఒక్క మాటకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేసి మందు రాసి పోయింది.

సునంద స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "ఇది నీ మురికి కాదమ్మా. లోపల సబ్బులు, మందునీళ్లు పెట్టాకు, అవే ఇంగా చెరుపు చేస్తాయి. బయట ఉత్త నీళ్లతో కడుక్కో, పొడిగా తుడుచుకో. దాహమైతే తాగు, ఒంటేలు వస్తే ఆపుకోవాకు. ఇంగ ఈ జబ్బు మొగుడూపెండ్లాల మధ్య తిరిగేది. మగోళ్లకు బయటికి కనిపియ్యకపోవచ్చు. ఎవరికి ఎప్పుడు మొదలాయనో చెప్పలేము. ఈ బిళ్ళలు ఇద్దరూ మింగల్ల, ఇద్దరూ మింగినాక వారం దాకా దూరంగా ఉండల్ల" అని రెండు పొట్లాలు చేతిలో పెట్టింది.

సాయంత్రం తట్టలో సంగటి పెట్టి, ఒక పొట్లం తిప్పేష్ పక్కన ఉంచి, నర్సు మాటలన్నీ చెప్పింది. అతను ముద్ద ఆపాడు.

"నాకేం రోగమని మింగల్ల? యాడ తగిలించుకొని వచ్చినావో, నా నెత్తిన రుద్దుతాండావా?"

యాడ? హేమలతకు ఏడుపు రాలేదు, నవ్వు రాబోయింది. పొద్దున బిందెల దగ్గర, పగలంతా మిషను దగ్గర, పొద్దుగూకి పొయ్యి దగ్గర. ఈ మూడింటి మధ్యలో ఎక్కడికి పోయి తగిలించుకోవాలి? ఆ మాట పైకి అనడానికి కూడా ఓపిక లేకపోయింది. సంజాయిషీ చెప్పడం కూడా ఒక పనే, ఆ పనీ తనే చేయాలా అనిపించింది.

"నేను మింగినా. నువ్వు మింగేదాకా నా పక్కకు రావాకు."

తిప్పేష్ తట్ట తోసేశాడు. "వింటివామ్మా, నీ కోడలి మాట!"

ఓబమ్మ వాకిట్లో చేటతో శనక్కాయలు చెరుగుతోంది. ఇప్పుడు ఈమె అందుకుంటుంది, మేము కనలేదా, పెంచలేదా అంటుంది అని హేమలత తల వంచుకుని నిలబడింది. చేట ఆగింది. ముసలామె కొడుకు వైపు చూడకుండానే అంది.

"నాకూ ఇదే ఉన్నింది రా. మీ నాయనకు చెప్పేకి నోరు రాక ఇరవై ఏండ్లు వేపాకు నీళ్లతో కడుక్కుంటా బతికితి. మింగు."

తిప్పేష్ ఆటో తీసుకుని పోయాడు. రెండు రోజులు పొట్లం విప్పలేదు. మూడో రోజు పొద్దున, విషం మింగుతున్నట్టు ముఖం పెట్టుకుని బిళ్ళలు మింగాడు. ఓబమ్మ చెంబుతో నీళ్లందించి, గొంతు దిగేదాకా కదలకుండా నిలబడింది. వారానికి హేమలత మంట తగ్గింది, వాసన పోయింది. యూనిట్‌లో సోమప్ప గుర్రుగా చూసినా, సీసా ఎత్తి కడుపునిండా నీళ్లు తాగి, లేవాల్సినప్పుడు లేచింది.

ఆదివారం మధ్యాహ్నం ఓబమ్మ గేదెను తోలుకుపోయింది. తిప్పేష్ గడప దగ్గర నిలబడ్డాడు. టికెట్టు కొన్నవాడు బస్సెక్కబోతున్నట్టుంది అతని వాలకం.

"వారం దాటిపాయ. బిళ్ళలూ మింగితి. ఇంగేమి?"

హేమలత తల దువ్వుకోవడం ఆపలేదు.

"ఒళ్లు బాగాయ. మనసు ఇంగా కాలేదు. అయిన దినం నేనే పిలుస్తా."