టెక్సస్ ఎవడబ్బ సొమ్ము?

శనివారం పొలం నుంచి బండి కట్టుకుని ఊళ్ళోని చిన్న ఇంటికి రావడం, ఆదివారం చర్చి గంట కొట్టేదాకా స్కాట్ ఆడటం టెక్సస్‌లో స్థిరపడ్డ జర్మన్ రైతు ఎర్హార్ట్ క్లింగ్‌మన్‌కి ఏళ్ళ తరబడి అలవాటు. స్కాట్ ముగ్గురాడే పేకాట. ఎర్హార్ట్, పక్కింటి వాల్టర్, ఎర్హార్ట్ కొడుకు బెనో.

ఐరోపాలో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ పేకాట బల్ల దగ్గర యుద్ధం మాట ఎత్తకూడదు. "అమెరికా తటస్థం. నా బల్ల కూడా తటస్థమే" అనేవాడు ఎర్హార్ట్. ఆయన నెత్తి మీద గోడకి మాత్రం జర్మనీ చక్రవర్తి కైజరు పటం మీసాలు మెలేసుకుని వేలాడుతుండేది. ఆ తటస్థత అలాంటిది మరి! అసలు సంగతి భార్య ఒటీలియాకి తెలుసు. బెనోకి ఇరవై రెండేళ్ళు. యుద్ధమొస్తే వాడు వెళ్ళాలి. అవతల జర్మనీ తరఫున తుపాకులు పట్టుకున్నది ఎర్హార్ట్ అన్నగారి కొడుకులే.

1917 మార్చిలో ఒక శనివారం వాల్టర్ పత్రిక పట్టుకొచ్చాడు.

"మీ కైజరుగారి మంత్రి మెక్సికోకి తంతి కొట్టాడటయ్యా. మాతో కలిసి అమెరికా మీద పడండి, ఒకప్పటి మీ టెక్సస్ మళ్ళీ మీదే అని."

"ఇంగ్లీషోళ్ళ కట్టుకథ! ముక్కలు పంచు."

పై శనివారం వాల్టర్ మళ్ళీ పత్రికతోనే దిగాడు. "నేనే పంపానని ఆ మంత్రే ఒప్పేసుకున్నాడు."

ఎర్హార్ట్ చేతిలో ముక్కలు ఆగిపోయాయి. "టెక్సస్... మొత్తమా?"

"మొత్తం."

"మా పొలంతో సహా?"

"మీ పొలం మినహా అని తంతిలో లేదు మరి."

ఎర్హార్ట్‌కి ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళు తనూ బెనో ఆ నేలలో రాళ్ళేరి, ఆ రాళ్ళతోనే చుట్టూ గోడ కట్టారు.

"ఒక్క రాయైనా ఏరాడా ఆయన? ఎవడబ్బ సొమ్మనుకున్నాడు?" అంటూ కుర్చీ ఎక్కి, పటం పీకి మంచం కిందికి తోశాడు. మళ్ళీ కుర్చీ ఎక్కి మరీ అరిచాడు. "ఇంకా ఆలోచన దేనికి? యుద్ధం ప్రకటించాల్సిందే!"

బెనో లేచి నిలబడ్డాడు. "నువ్వీ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నా నాన్నా. సోమవారం వెళ్ళి సైన్యంలో పేరు రాయించుకుంటా."

"యుద్ధం చెయ్యాలన్నాను గానీ, నిన్ను చెయ్యమన్నానా?"

ఒటీలియా వంటింటి గడపలోకి వచ్చింది. "మరి ఎవరి పిల్లల్ని పంపుదామనుకున్నారు?"

ఎర్హార్ట్ మెల్లగా కుర్చీ దిగాడు. ముక్కలు పోగుచేసి ముగ్గురికీ పంచాడు. బెనో కూర్చోలేదు.

"కూర్చోరా నాయనా" అన్నాడు ఎర్హార్ట్. "ఇది ఇద్దరం ఆడే ఆట కాదు."