ఆదివారం నాడు ఆగిన పంపు

కోబాని ముట్టుకుని ఎగిరి పడని మనిషి సముద్రం కట్టకి ఇవతల ఒక్కడూ లేడు, మా క్రైన్ తప్ప. నేనైతే రెండుసార్లు ఎగిరాను. రెండోసారి దూలానికి తగిలి లేచిన బొప్పి ఇంకా అలాగే ఉంది, కావాలంటే చెయ్యి పెట్టి చూసుకోండి.

కోబా అంటే క్రైన్ పెంచుకునే లాబ్‌స్టర్. పీత డెక్కలు తెచ్చి రొయ్యకి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, ఒళ్లంతా సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నీలం. క్రైన్ జన్మంతా గుల్లల పడవ నడిపాడు. ఆఖరిసారి వల లాగిన రోజున ఇది పడింది. అమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చుకున్నాడు. వంటింటి వెనక గదిలో ఎర్ర పెంకుల నేల మీద గాజు తొట్టి పెట్టాడు, సముద్రం నీళ్లు పోశాడు, మూతపడిన చేపల కొట్టులోంచి పాత పంపొకటి తెచ్చి అందులో దించాడు. పంపు వైరు అప్పటికే పగిలి ఉంది. కొత్త వైరు కొనడమా! మేం హాలెండు సముద్రపొడ్డున జీలాండ్ వాళ్లం. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు గీసే జాతి మాది. క్రైన్ ఆ వైరుకి వల దారం చుట్టి, పడవకి పూసే తారు పూసి, "ఇంక నా మనవల మనవలకి కూడా పనికొస్తుంది" అన్నాడు.

వింత అప్పుడే మొదలైంది. క్రైన్ చెయ్యి పెడితే కోబా మెల్లగా నడిచొచ్చి అరచేతిలో కూర్చునేది. మరొకళ్లు పెడితే ఫట్టుమని కొట్టేది! భుజం దాకా జివ్వుమని లాగి, పళ్లు టకటకలాడేవి. రొట్టెల కొట్టు లూంచే ముచ్చటపడి ఒక వేలు ముంచింది. ఆవిడ టోపీ ఎగిరి కట్ట అవతల పడింది. అందులో కొంగ గుడ్లు పెట్టింది.

"అది మనిషిని పోల్చుకుంటుందిరా రీనుస్," అనేవాడు క్రైన్ నాతో, మీసం దువ్వుకుంటూ. "నేనంటే ప్రాణం. పరాయి చెయ్యి పడితే దానికి ఒళ్లు మండిపోద్ది. కొన్ని చేపలకి కరెంటు లేదూ? దీనికీ ఉంది."

"నాతో ఎప్పుడన్నా ఇన్ని మాటలు మాట్లాడావా?" అనేది వాళ్లావిడ యాకొమీనా. "పొద్దున్నే లేచి దానికి శుభోదయం, నాకు కాఫీ ఏదీ అని కేక."

"నువ్వు చేతిలో కూర్చోవు కదే."

యాకొమీనా తుడిచిన నేల మీద బూటుతో అడుగుపెట్టి బతికి బట్టకట్టినవాడు లేడు. ఎవరొచ్చినా వెనక గుమ్మం దగ్గర బూట్లు విడిచి, ఉన్ని మేజోళ్లతో లోపలికి రావాల్సిందే. క్రైన్ ఒక్కడికే ఆ వెనక గదిలో మినహాయింపు. అక్కడ పొద్దస్తమానం కొయ్య చెప్పులతో టకటకా తిరుగుతాడు.

ఇక ఆ ఆదివారం సంగతి. చర్చిలో పొద్దుటి ప్రార్థన అయింది, ప్రసంగం సాగి సాగి అందరి బుగ్గల్లో పిప్పరమెంట్లు కరిగిపోయాయి. వానలో తడుస్తూ అందరం క్రైన్ ఇంటికి కాఫీకి చేరాం. చర్చి సంఘం పెద్ద యోస్ట్ గారు కూడా వచ్చారు. ఆయన ఆదివారం నాడు గడ్డం దువ్వుకోవడం కూడా పనే అని శనివారమే దువ్వుకుని పడుకునే మనిషి. యాకొమీనా దాల్చినచెక్క పాకం రొట్టెలు పళ్లెంలో పెడుతోంది. వెనక గదిలోంచి క్రైన్ అరుపు వినిపించింది. పడవ మునిగినప్పుడు కూడా అలా అరవలేదు మనిషి.

అందరం పరిగెత్తాం. పంపు ఆగిపోయింది. తొట్టిలో నీళ్లు గాజుపలకలా కదలకుండా ఉన్నాయి. అడుగున కోబా పక్కకి ఒరిగిపోయి ఉంది. మీసాలు మాత్రం కొద్దిగా ఊగుతున్నాయి.

"మొన్ననే పెంకు విడిచింది," అన్నాడు క్రైన్. "ఒళ్లంతా వెన్నముద్దలా ఉంది. ఇప్పుడే దానికి గాలి ఎక్కువ కావాలి. నీళ్లు తిరక్కపోతే చీకటి పడేలోగా పోతుంది."

"సముద్రంలో వదిలెయ్యరాదూ?" అన్నాను.

"ఈ ఒంటితోనా? పీతలు పండగ చేసుకుంటాయి. నోర్ముయ్."

కొత్త పంపు కొందామంటే దుకాణం తెరిచేది సోమవారం. పంపు విప్పి బాగుచేద్దామంటే అది పని. దేవుడి రోజైన ఆదివారం నాడు పని, మా సంఘంలో పాపం! క్రైన్ మరమేకులు విప్పే స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాడు. అందరం యోస్ట్ గారి మొహం చూశాం. ఆయన బుగ్గలో కొత్త పిప్పరమెంటు ఇటునుంచి అటు మారింది.

"ఎద్దు గుంటలో పడితే ఆదివారమైనా పైకి లాగొచ్చు. బైబిల్లోనే ఉంది ఆ మాట," అన్నారాయన. "ఇది ఎద్దా?"

"నాకు ఎద్దుకన్నా ఎక్కువండీ," అన్నాడు క్రైన్.

"నాకన్నా కూడా," అంది యాకొమీనా.

యోస్ట్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆలోచిస్తుంటే ఆయన చెవుల్లోంచి ఆవిరి రావడం నేను కళ్లారా చూశాను. చివరికి తీర్పు చెప్పారు: "మరమేకు తిప్పితే పని. చెంబుతో నీళ్లు పైకెత్తి మళ్లీ అందులోనే పోస్తే పని కాదు, దయ. పోస్తే గాలి కలుస్తుంది కదా? పోయండి."

క్రైన్ కాఫీ జగ్గు లాక్కుని మొదలుపెట్టాడు. ముంచి ఎత్తడం, పొయ్యడం. ముసలి చేతులు. కాసేపటికే రొప్పుతున్నాడు. కోబా మాత్రం అలాగే ఒరిగి ఉంది.

"నువ్వొక్కడివీ సాయంత్రం దాకా పొయ్యలేవురా. జరుగు," అన్నాను.

"ముట్టుకోవద్దు! ఇప్పుడసలే ఒంట్లో బాలేదు దానికి. పరాయి చెయ్యి పడితే ఆ కోపానికే పోతుంది."

"ప్రాణం పోతోందయ్యా, పంతాలేంటి?" అని యోస్ట్ గారు చొక్కా చెయ్యి మడిచి, సూప్ గరిట పట్టుకుని నీళ్లలో ముంచారు.

ఫట్!

నమ్మితే నమ్మండి, ఆయన గడ్డం వెంట్రుకలన్నీ చీపురులా నిలబడ్డాయి. నోట్లో పిప్పరమెంటు తుపాకీ గుండులా బయటికొచ్చి గోడ గడియారానికి అంటుకుంది. గడియారం ఆగిపోయింది. ఆయన మేజోళ్ల కాళ్లతో తడి నేల మీద నిలబడి, నోరు తెరిచి, అలా ఉండిపోయారు. ఆయన మాట లేకుండా నిలబడటం ఊరు ఊరంతా మొదటిసారి చూసింది.

"చూశారా? చెప్పానా?" అన్నాడు క్రైన్. అంత ఏడుపులోనూ మొహం కాస్త వెలిగింది. "సంఘం పెద్దలన్నా లెక్కలేదు దానికి. నేనొక్కణ్నే."

మళ్లీ ముంచడం మొదలుపెట్టాడు. తొందరలో నీళ్లు ఒలికి నేలంతా మడుగు కట్టింది. కొయ్య చెప్పుల్లోకీ నీళ్లు పోయి, నడిస్తే చప్ చప్ మంటున్నాయి. కోబా ఎలా ఉందో చూద్దామని మోచేతి దాకా చెయ్యి దించాడు.

ఫట్!

క్రైన్ వెనక్కి పడ్డాడు, బస్తా పడ్డట్టు. జగ్గు ఎగిరి ముక్కలైంది. మనిషి నేల మీద కూర్చుని తన అరచెయ్యి తనే చూసుకుంటున్నాడు, అది ఎవరిదో పరాయివాళ్ల చెయ్యి అయినట్టు.

"నన్ను," అన్నాడు. "నన్ను కొట్టింది. రీనుస్, నన్ను కొట్టిందిరా."

నాకు నవ్వు రాలేదు. పడవలో అన్నేసి తుఫానులు చూసిన మొహం, పసిపిల్లాడి మొహంలా పడిపోయింది. నేను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రొయ్య మీద కోపం తెచ్చుకున్నాను. ఇంత కృతఘ్నతా!

యాకొమీనా మాత్రం ఆయన మొహం చూడటం లేదు. కాళ్లు చూస్తోంది.

"కొయ్య చెప్పులు పొడిగా ఉన్నన్నాళ్లూ కొట్టలేదు, వాటిలోకి నీళ్లొచ్చాకే కొట్టింది," అంది నెమ్మదిగా. "మా అమ్మ ఇస్త్రీపెట్టె ఇలాగే కొట్టేది. జోడు వేసుకుంటే ఏం లేదు, వట్టి కాళ్లతో ముట్టుకుంటే కొట్టేది. ఏమయ్యా, కొట్టింది కోబా కాదు. నీ తారు పూసిన వైరు!"

నేను నా మేజోళ్లు చూసుకున్నాను. యోస్ట్ గారు తన మేజోళ్లు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఊరంతా ముచ్చటపడి చేతులు పెట్టింది లాబ్‌స్టర్ కోపంలో కాదు, చావులో. పంపు తిరగడం ఆగింది గానీ, కరెంటు ఇంకా నీళ్లలోకి కారుతూనే ఉంది.

"నేను చచ్చుండేవాణ్ని," అన్నారు యోస్ట్ గారు. కాస్త ఆగి, "ఆదివారం నాడు," అన్నారు. అది ఆయనకి ఇంకా ఘోరంగా తోచినట్టుంది.

"ప్లగ్గు పీకడం పనేనాండీ?" అన్నాను.

"పీకెయ్యి!" అని అరిచారు. "పెట్టడం పని. పీకడం కాదు."

నా ఆదివారం బూట్లు తెచ్చి తొడుక్కుని, పొడి చెక్క మీద నిలబడి, తువ్వాలు చేతికి చుట్టుకుని పీకాను. పీకిన తర్వాత కూడా చాలాసేపు ఎవరూ నీళ్ల జోలికి పోలేదు. చివరికి యాకొమీనాయే చెయ్యి ముంచింది. ఏమీ కాలేదు.

ఆ తర్వాత చూడాలి ఆ గదిని! నల్లకోట్లతో, ఆదివారం పావడాలతో, జగ్గులు, గరిటెలు, లూంచే తెచ్చిన పిండి గిన్నె. ముంచు, ఎత్తు, పొయ్యి. ఒకరి చెయ్యి నొప్పెడితే మరొకరు. నీళ్లలో బుడగలు లేచాయి. కాసేపటికి కోబా మీసం ఆడించింది. మరి కాసేపటికి ఒరిగినది నిలబడింది. నిలబడి, మెత్తటి కాళ్లతో తడబడుతూ నడిచొచ్చి లూంచే చేతిలో కూర్చుంది. తర్వాత నా చేతిలో. తర్వాత యోస్ట్ గారి చేతిలో కూర్చుని, అక్కడ మరీ సుఖంగా కాళ్లు ముడుచుకుంది.

క్రైన్ గోడకి ఆనుకుని చూస్తున్నాడు. బతికింది కదా, ఆనందంతో ఎగరాలి మనిషి. ఎగరలేదు.

"అందరితోనూ ఇలాగేనా?" అన్నాడు.

రెండో ప్రార్థనకి గంట కొట్టారు. అందరి చేతులూ ఆగాయి. అందరం వెళ్తే ఇక్కడ నీళ్లు ఆగిపోతాయి, కోబా పోతుంది. ఒకరు ఉండిపోతే ప్రార్థన పోతుంది. ఊళ్లో రెండో ప్రార్థన ఎగ్గొట్టిన మనిషి పేరు మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. క్రైన్ నోరు తెరిచాడు, నేనుంటాను అనబోయాడు.

"నడవండి," అన్నారు యోస్ట్ గారు. ఆయన చెయ్యి నీళ్లలోనే ఉంది. "నేనుంటాను. ఎద్దు ఇంకా గుంటలోనే ఉంది."

కట్ట తెగి సముద్రం ఇంట్లోకి వచ్చినా అంత దిమ్మెరపోయేవాళ్లం కాదు. యోస్ట్ గారు! ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా ప్రార్థనకి వచ్చిన మనిషి! యాకొమీనా నా మోచెయ్యి పట్టుకుని లాగితే బయటికి నడిచాను.

ప్రార్థనలో క్రైన్ నా పక్కనే కూర్చున్నాడు. కుర్చీ అంచున. పాస్టర్ గారు ఆమెన్ అన్న క్షణంలో లేచి పరిగెత్తాడు. వెనకాలే నేనూ, యాకొమీనా. గుమ్మం దగ్గర బూట్లు విడవడం కూడా మర్చిపోయి, తుడిచిన నేల మీద బురద అడుగులతో వెనక గదిలోకి దూరాం. యాకొమీనా బూట్లు కూడా కాళ్లకే ఉన్నాయి.

యోస్ట్ గారు ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ఒక చేత్తో గరిటెతో పోస్తున్నారు, రెండో అరచేతిలో కోబా. తలవంచి దానితో ఏదో చెబుతున్నారు, చాలా మెల్లగా. నలభై ఏళ్లుగా ఆయన గొంతు వింటున్నాను. అలాంటి గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు.

"అది నాది," అన్నాడు క్రైన్ గుమ్మంలోంచి.

"అవునవును, నీదే," అన్నారు యోస్ట్ గారు తలెత్తకుండా. "ష్... కాసేపాగు. వింటోంది."

యాకొమీనా మొగుడి వంక చూసింది, సంఘం పెద్ద వంక చూసింది, తొట్టి వంక చూసింది.

"సరిపోయింది," అంది. "ఇప్పటిదాకా ఇలాంటివాణ్ని ఒక్కణ్నే భరించాను."