లేసు వేసుకున్న పీత

ఆశాజ్యోతి నిడదవోలు నుంచి నరసాపురం కోడలిగా వచ్చినప్పుడు చీరల పెట్టెతో పాటు ఒక అట్టపెట్టె కూడా దిగింది. అందులో అద్దాల ఫ్రేములు. తెల్లదొరల కాలంలో ఎవరో ఓపికమంతులు చేత్తో గీసి రంగులద్దిన జీవాల బొమ్మలకు ఇప్పటి అచ్చు నకళ్లు. పీత, కొంగ, నత్తగుల్లలు, కట్లపాము, పులస. ఒక్కో బొమ్మ కింద వాలు అక్షరాల్లో శాస్త్రీయ నామం. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే మనిషి, చదువుకునే రోజుల నుంచీ ఒక్కొక్కటే కూడబెట్టుకుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అత్తగారు దీనమ్మకూ ఒక పిచ్చి ఉంది. లేసు. చేతిలో లేసు సూది లేకుండా ఆవిడ కనిపించేది చర్చిలోనే. టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, మిక్సీకి లేసు, ఆఖరికి వైఫై డబ్బాకి కూడా లేసే. కాలం చేసిన మామగారు ముసలయ్య ఫోటోకీ, దాని పక్కనున్న బైబిల్ వాక్యం ఫ్రేముకీ పైనుంచి వేలాడే లేసు ముసుగులు. చిన్నప్పుడు గంటసేపు కదలకుండా నిలబడి ఉంటే తనకూ అల్లేసేదని భర్త ఐజాక్ నవ్వుతాడు. పక్కింటి తబిత దాచమని ఇచ్చిన కుట్టుమిషను ఒక్కటే ఆ ఇంట్లో ఒట్టిగా ఉండేది. ఎందుకలా ఉందో ఆశాజ్యోతి ఎప్పుడూ ఆలోచించలేదు.

దీనమ్మ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. అయినా ముందుగది గోడ చూసినప్పుడల్లా ఆ పిల్లకు తను చుట్టపుచూపుగా వచ్చినట్టే అనిపించేది. ఆ గోడ మీద తనదంటూ ఒకటుంటే ఈ ఇల్లు తనదనుకోవచ్చు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. చివరికి దీనమ్మ బజారుకెళ్లిన పూట ఐజాకే మేకులు కొట్టి బొమ్మలు తగిలించాడు. పులసను మాత్రం పెట్టెలోనే ఉంచమంది ఆశాజ్యోతి. అన్నిటిలోకీ ఇష్టమైనది అదే. అత్తగారు కాదంటే అదైనా మాట పడకుండా పుట్టింటికి చేరుతుంది.

దీనమ్మ వచ్చి, సంచి దించి, గోడ వంక చాలాసేపు చూసింది. బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. పాము దగ్గర మాత్రం కాస్త ఆగింది.

"పై నెల ప్రార్థన కూటం మనింట్లోనే. పాస్టర్ గారొస్తారు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట ఆశాజ్యోతికి ముల్లులా దిగింది. రెండు రోజుల తర్వాత అత్తగారు బొమ్మల ముందు నిలబడి జానతో కొలవడం కంటపడింది. వీటిని తీసేసి ఆ చోట ఏం పెట్టాలో చూసుకుంటోంది కాబోలనుకుంది. అడుగుతానని ఐజాక్ అంటే వద్దంది. అడిగితే గొడవ, అడక్కపోతే దిగులు. దిగులే నయమనుకుంది వెర్రి పిల్ల. దీనమ్మ మామూలుగానే అరుగు మీద కూర్చుని ఏదో అల్లుకుంటూ ఉండేది. ఆవిడ ఏం అల్లుతోందని ఆ ఇంట్లో ఎవరడుగుతారు?

కూటం రోజున కాలేజీలో ఆలస్యమైంది. ఆశాజ్యోతి వచ్చేసరికి ముందుగదిలో పాట మొదలైపోయింది. పెరటి దారిన వంటింట్లోకి వచ్చి టీ పెడుతూ గుమ్మంలోంచి తొంగిచూసింది. కూర్చున్నవాళ్ల తలల మీదుగా, గోడ మీద తన బొమ్మలున్న చోట తెల్లటి గుడ్డలే కనిపించాయి. పాస్టర్ గారి కంట పడకుండా అత్తగారు కప్పేసింది. ఇంతకంటే తీసేసి చేతికిచ్చినా బాగుండేది. రేపే అన్నీ కట్టి నిడదవోలు పంపేయాలనుకుంది. టీలో పంచదార వేసిందో లేదో కూడా తెలియలేదు.

ప్రార్థన అయ్యాక ట్రే పట్టుకుని తల వంచుకునే ముందుగదిలోకి వచ్చింది. తబిత గోడ దగ్గర నిలబడి ఉంది.

"పాముక్కూడా అల్లేశావేంటి వదినా?"

"మా కోడలి బొమ్మలు ఒట్టిగా ఉంటే ఏం బాగుంటుంది?" అంది దీనమ్మ. "నీ మిషనంటే నీది, రేపో మాపో పట్టుకుపోతావు. ఇవి మా ఇంటివి."

ఆశాజ్యోతి తలెత్తింది. అవి గుడ్డలు కావు. మామగారి ఫోటోకి ఉన్నలాంటి లేసు ముసుగులు, ఫ్రేము పైనుంచి నుదుటి మీదికి మాత్రమే దిగుతున్నాయి. పీత ముసుగు అంచున బుల్లి పీతలు, డెక్కలతో సహా. కొంగ ముసుగుకు ఈకల అల్లిక. పాముది మాత్రం కొంచెం పొడుగు. పడగ కనబడితే పాస్టర్ గారు హడలిపోతారని అలా దించానని దీనమ్మ సంజాయిషీ ఇచ్చుకుంది. కట్లపాముకు పడగ ఉండదండీ అని చెప్పబోయి కోడలు నోరు మూసుకుంది. కళ్లు నిండిపోతుంటే జువాలజీ ఎవరికి కావాలి? అంత సంతోషం ఆ పిల్ల పెళ్లినాడూ ఎరగదు.

అందరూ వెళ్లాక అట్టపెట్టె తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తయ్యగారూ, ఇంకొకటుందండి."

దీనమ్మ కళ్లజోడు సర్దుకుని బొమ్మను పైకి తీసింది. వెండిరంగు పొలుసులు దీపానికి మెరిశాయి.

"పుస్తెలమ్మైనా తినాలనే పులసని ఇన్నాళ్లూ పెట్టెలో పెట్టావా?" అని, జవాబు కోసం చూడకుండా ఫ్రేము మీద జాన పరిచింది.